ప్రభువు ముందు తాకాడు



కుష్ఠరోగిని బాగుచేయడానికి ప్రభువుకు ఒక్క మాట చాలు. అయినా ఆయన ముందు చెయ్యి చాపి తాకాడు (మార్కు 1:41).

హెచ్.ఐ.వి. సోకినవారిని మనం ఇంట్లో ఉంచుకుంటాం గాని దగ్గరకు తీసుకోం. జగిత్యాల, కోరుట్లలో గల్ఫు నుండి వచ్చిన కొడుకైనా, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే తండ్రైనా, కూర్చున్నచోటి నుండి లేవలేకపోతే "సోమరితనం" అంటాం. అది సోమరితనం కాకపోవచ్చు. ఈ వైరస్ కండరాలను, మూత్రపిండాలను కూడా దెబ్బతీయగలదు. మందులలో జిడోవుడిన్ కొందరికి కండరాల బలహీనత తెస్తుంది. టెనోఫోవిర్ కొందరి మూత్రపిండాలకు హాని చేస్తుంది. అది వాడుతూ, ఒళ్ళునొప్పులకు మెడికల్ షాపులో నొప్పిబిళ్ళలు కొని మింగితే ముప్పు పెరుగుతుంది.

అలాగని మందులు మానిపించకండి. 2004 నుండి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఆ మందులే ఎందరినో బ్రతికించాయి. మానితే వైరస్ మళ్ళీ విజృంభిస్తుంది. ఏ.ఆర్.టి. కేంద్రానికి మీరే తోడు వెళ్ళండి. నీరసం, నొప్పులు, కాళ్ళవాపు ఉంటే డాక్టరుకు చెప్పండి. రక్తంలో క్రియాటినిన్, మూత్రం పరీక్ష చేయించండి. మందు మార్చాలో వద్దో వారే నిర్ణయిస్తారు.

"ఎవరి పాపం?" అని పుట్టుగ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగారు. ప్రభువు ఆ లెక్క తీయలేదు, చూపునిచ్చాడు. 2017లో వచ్చిన చట్టం వివక్షను నిషేధించింది. కాని వేరు కంచం తీసేసి, పక్కన కూర్చోబెట్టుకొని అన్నం వడ్డించేది చట్టం కాదు, ప్రేమ. దివ్యసత్ప్రసాదం అందుకున్న చేతులు ఆ పని చేయకపోతే మరెవరు చేస్తారు?

ప్రభువు మీ ఇళ్ళను దీవించును గాక. ఆమెన్.