మధ్యలో మానేసే హక్కు

స్త్రీవాదులు లేజర్ చేయించుకోవచ్చా? ఈ ప్రశ్నను కొందరు నిజాయితీగా అడుగుతారు, కొందరు వెక్కిరింతగా. జనగామలో నా దగ్గర చదువుకునే అమ్మాయిలు అడిగేది ఇంకో ప్రశ్న. "మేడం, లేజర్ చేయించుకుంటే మళ్ళ రావా?" మొదటి ప్రశ్న సిద్ధాంతానిది. రెండోది గడ్డం కింద నాలుగు గట్టి వెంట్రుకలతో రోజూ అద్దం ముందు నిలబడే మనిషిది. రెండోదానికి జవాబు చెప్పకుండా మొదటిదాని మీద తీర్పు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

మళ్ళీ వస్తాయి. అన్నీ రాకపోవచ్చు, సన్నబడవచ్చు, కానీ కొన్ని వస్తాయి. లేజర్ కిరణాన్ని వెంట్రుకలోని నలుపు పీల్చుకుంటుంది. ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. అయితే ఆ సమయానికి పెరిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే అది బాగా పనిచేస్తుంది. అందుకే ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు కావాలి. తర్వాత కూడా అప్పుడప్పుడూ వెళ్ళాల్సి రావచ్చు. కిరణం తగిలినప్పుడల్లా రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. ఎరుపూ వాపూ కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఉంటాయి. కాలిన వెంట్రుకలు రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. ముందు వారాల్లో త్రెడింగ్, వాక్సింగ్ మానాలి, ఎందుకంటే కుదురులో వెంట్రుక ఉండాలి. షేవింగ్ చేసుకోవచ్చు. నెరిసిన వెంట్రుకల మీద లేజర్ పనిచేయదు. ఈ యంత్రాల విషయంలో అమెరికా ఎఫ్.డి.ఎ. ఒప్పుకున్న మాట 'శాశ్వత తగ్గింపు'. మన ఊళ్ళలో బోర్డుల మీద అది 'శాశ్వత తొలగింపు' అయిపోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నలుపును వెతికే కిరణానికి వెంట్రుక నలుపూ చర్మం నలుపూ ఒకటే. తెల్లటి చర్మం, నల్లటి వెంట్రుక ఉన్నవాళ్ళ మీద దాని పని తేలిక. మన రంగువాళ్ళకు 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లాంటి, చర్మాన్ని కాస్త తప్పించుకుని లోపలికి పోయే లేజర్ క్షేమం. అమరిక తప్పితే కాలిన మచ్చలు, నల్ల మచ్చలు, తెల్ల మచ్చలు వస్తాయి. కొందరికి దవడ అంచున నూగు తగ్గకపోగా దట్టమవుతుంది. కాబట్టి చర్మవైద్యులు ఉన్నచోటికే వెళ్ళాలి.

చికిత్స జరిగినన్నాళ్ళూ ఎండ తగలకుండా చూసుకోమంటారు. మహబూబాబాద్ మిరప చేలల్లో, జనగామ పత్తి చేలల్లో ఏరడానికి పోయే ఆడవాళ్ళకు ఆ మాట ఎలా చెప్పాలి? భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా హనుమకొండకు పోయి రావాలంటే ఒక రోజు పోతుంది. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సు ఆడవాళ్ళకు ఉచితమైంది గానీ, పోయిన కూలిని ఎవరూ ఇవ్వరు. నీడపట్టున ఉండే స్త్రీని మనసులో పెట్టుకుని చెప్పే జాగ్రత్తలివి.

గడ్డం మీద గట్టి వెంట్రుకలు వస్తుంటే ముందు పీసీఓఎస్ ఉందేమో చూపించుకోవాలి. పిల్లలు కనే వయసు స్త్రీలలో దాదాపు పదిమందిలో ఒకరికి ఆ సమస్య ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోతే ఎన్ని సిట్టింగులైనా కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. ఆర్నెల్లుగా నెలసరి రాని అమ్మాయిని డాక్టరుకు చూపించని ఇల్లు, గడ్డం కనిపించగానే కదులుతుంది. నెలసరి బాధ ఆమె ఒక్కదానిదే, గడ్డం మాత్రం పెళ్ళిచూపుల్లో అందరికీ కనబడుతుంది.

ఇక మొదటి ప్రశ్న. మగపిల్లవాడి మొహాన వచ్చేవి నూనూగు మీసాలు, ముద్దొచ్చే మాట. అవే వెంట్రుకలు ఆడపిల్లకు వస్తే వెక్కిరింత తప్ప భాషలో మాటే లేదు. అత్తకు మీసాలొస్తే మామ అవుతుందన్న సామెతలో కూడా జరగనిదానికి పోలిక ఆడదాని మీసమే. 2024లో ఉత్తరప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో 98.5 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకున్న అమ్మాయి ఫోటో బయటికి రాగానే దేశమంతా ఆమె మార్కులు వదిలేసి మీసం చూసింది. ఒక రేజర్ల కంపెనీ ఆమెకు మద్దతు పేరుతో పత్రికలో ప్రకటన వేసుకుంది. వెక్కిరింతనూ ఓదార్పునూ రెంటినీ సరుకు చేయగలగడమే మార్కెట్ తెలివి.

ఇలాంటి చోట "ఇది నా ఇష్టం" అనే మాటను ఎలా తూచాలి? మనసులో ఉన్నది నిజమైన ఇష్టమా, నేర్పిన ఇష్టమా అని తవ్వుకుంటూ పోతే అడుగు దొరకదు. చీర కట్టు, బొట్టు, జడ అన్నీ నేర్పినవే. నాకు తోచిన కొలత ఒకటుంది: మూడో సిట్టింగు తర్వాత ఆమె మానేయగలదా? నొప్పి భరించలేక, డబ్బు చాలక, విసుగొచ్చి, లేదా ఊరికే, "ఇక చాలు" అనగలదా? అని హాయిగా కాలేజీకి పోగలదా? పోగలిగితే అది ఇష్టమే. చేయించుకోనీ, మనకేం అభ్యంతరం? ముహూర్తం దగ్గరపడుతోందనో, అవతలివాళ్ళు ఏమంటారోననో మానలేకపోతే, మొదటి సిట్టింగుకు ఆమె నవ్వుతూ వెళ్ళినా అది ఇష్టం కాదు. మానుకోవడానికి చెల్లించాల్సిన ధర ఎంతో చూస్తే స్వేచ్ఛ ఎంతో తెలుస్తుంది.

ఈ కొలతను ట్రాన్స్ స్త్రీల విషయంలో పెట్టి చూసినప్పుడు నా ఆలోచన మరికొంత తేటపడింది. తన జెండర్ ఏదో తానే చెప్పుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని సుప్రీంకోర్టు 2014లో నాల్సా తీర్పులో చెప్పింది. కానీ బస్సులో, అద్దె ఇంటి గుమ్మంలో ఆమెను నిలదీసేది గడ్డం నీడే. ఆమెకు లేజర్ తన దేహాన్ని తనది చేసుకునే దారి కావచ్చు. మధ్యలో మానేస్తే ఆమె చెల్లించే ధర మరీ ఎక్కువ, కొన్నిసార్లు దెబ్బలు కూడా. కాబట్టి ఈ కొలతతో మనం తూచేది ఆమె స్త్రీత్వాన్నో, చైతన్యాన్నో అనుకుంటే పొరపాటు. ఆ ధర పెట్టింది చుట్టూ ఉన్న మనం. తక్కెడలో కూర్చోవలసింది మనమే.

1991లో హైదరాబాద్ స్త్రీల బృందం 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు, ఒంటి సంగతులు తెలుగులో, దాపరికం లేకుండా, ఆడవాళ్ళకు చెప్పాలన్న పట్టుదల ఉండేది. లేజర్ గురించి కూడా అలాగే చెప్పాలి: ఎన్నిసార్లు, ఎంత ఖర్చు, ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు. చెప్పాక ఆమె వెళ్తే వెళ్ళనిద్దాం. వెళ్ళకపోయినా, సగంలో వదిలేసినా, ఆమె గడ్డం వైపు చూసి "అదేంటమ్మా" అని అడగకుండా ఉందాం. అడగకుండా ఉండడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఎన్ని సిట్టింగులు పడతాయో మాత్రం మన మీద ఆధారపడి ఉంటుంది.