కన్నుల పొలుసులు

వాక్యభాగములు: లూకా 5:12-16, అపొ. కార్యములు 9:10-19

కుష్ఠును ఇంగ్లీషు వైద్యులు లెప్రసీ అందురు. ఇది గ్రీకునుండి వచ్చిన మాట. ఆ భాషలో లెపిస్ అనగా పొలుసు. చర్మము పొలుసులుగా రాలు వ్యాధిని లెప్ర అనిరి. ధర్మశాస్త్రమును హెబ్రీనుండి గ్రీకులోనికి తర్జుమా చేసినవారు లేవీయకాండము 13వ అధ్యాయపు వ్యాధికి ఈ పేరే పెట్టిరి. అక్కడ బట్టకు పట్టిన మచ్చకును, 14వ అధ్యాయములో ఇంటి గోడకు పట్టిన మచ్చకును అదే పేరు. గనుక బైబిలులోని కుష్ఠంతయు నేటి వ్యాధియే యని తలంచరాదు. నేటి వ్యాధి క్రిమిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనెను. అది శాపము కాదు, క్రిమి.

గత సంవత్సరము పాల్వంచ ఆవల అడవి అంచు పల్లెలో మేము ప్రభురాత్రి భోజనము ఇచ్చుచుంటిమి. మందులు పూర్తిగా వాడి స్వస్థపడిన పెద్దాయన ఒకరు వచ్చిరి. వ్రేళ్లు మాత్రము వంకరపోయినవి. ఆయన వెనుకకు జరిగి, "అయ్యగారూ, నేను ఆఖరున తాగుతాను లెండి" అనిరి. మేము సరే యంటిమి. లోలోపల మాకు నెమ్మది కలిగెను. ఆ నెమ్మదియే మా పాపము.

మాకు తెలియక కాదు. క్రిమి నరములను చెరచును. అది చచ్చినను వంకర నిలుచును. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన మిశ్రమ మందులను 6 లేక 12 నెలలు వాడిన రోగము కుదురును. ప్రభుత్వ ఆసుపత్రిలో వాటిని ఊరకే ఇత్తురు. 1915లోనే ఇసబెల్ కెర్ దొరసానిగారు డిచ్‌పల్లిలో ఇట్టివారికి ఆసుపత్రి తెరచిరి. ప్రభువైతే శుద్ధుడు కాకమునుపే ఆ రోగిని ముట్టెను. మేము శుద్ధుడైన తరువాతను వెనుకాడితిమి.

సౌలు కన్నులనుండి రాలినవాటికి గ్రీకులో వాడిన మాట ఏదో యెరుగుదురా? అదే లెపిస్, పొలుసు. అయితే అవి రాలకమునుపు అననీయ మనస్సులోని భయము రాలవలసి వచ్చెను. అతడు భయపడిన మనుష్యుని మీదనే చేతులుంచి సహోదరుడని పిలిచెను. ఇద్దరికిని ఆ దినమే చూపు వచ్చెను.

మరుసటి నెల గిన్నెను ఆ పెద్దాయనకు మొదట అందించి, తరువాత మేము త్రాగితిమి. ఇద్దరు త్రాగకయే లేచిపోయిరి. వారిని నిందింపము; నిన్నటివరకు మేమును వారివంటివారమే.

ప్రియులారా, మీ ఒంటిమీద స్పర్శలేని పాలిపోయిన మచ్చ కనబడినయెడల దాచక ఆసుపత్రికి వెళ్లుడి. పొరుగువానికి కనబడినయెడల మీరే తోడు వెళ్లుడి. చర్మపు రోగమునకు మందున్నది. కన్నుల పొలుసులను ప్రభువే రాల్చవలెను. ఆయనను వేడుకొందము. ఆమేన్.