ఎన్ని తులములు?

మేము ఇటీవల తిరుమలాయపాలెము నుండి బయలుదేరి, కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణమును చూడబోయితిమి. 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీవారు అచ్చట గనులు నడుప నారంభించిరి. తెలుగు, తమిళ కూలీలు రమారమి 3 కిలోమీటర్ల లోతువరకు దిగి త్రవ్విరి. రాతిదుమ్ము పీల్చి అనేకులు రోగులైరి. దొరల కాలపు బంగారము సీమకు పోయెను. 2001లో గనులు మూతపడెను. సయనైడు మట్టిగుట్టలు మాత్రము కార్మికుల ఇండ్ల చెంత నిలిచియున్నవి.

యోబు గ్రంథము 28వ అధ్యాయము గని త్రవ్వువాని నేర్పును వర్ణించి, జ్ఞానము ఆ లోతులలో దొరకదనియు, దేవునికి భయపడి చెడును విడుచుటలో నున్నదనియు బోధించును.

మన పెండ్లి మాటలలో ఎన్ని తులములని అడుగుదుమే గాని, అది ఎవరి ఊపిరి తీసి పైకి వచ్చెనని అడుగుదుమా? పిల్లతండ్రి ఏ అప్పు చేసి తెచ్చునని యోచింతుమా? మేమును ఆ బేరములు వినుచు ఊరకుంటిమి. ఇకమీదట ఊరకుండము.