మానభంగం అనే మాట

ఒకే నేరానికి మన భాషలో బలాత్కారం, అత్యాచారం, మానభంగం అని మూడు పేర్లున్నాయి. పత్రికలు మూడింటినీ ఒకే అర్థంలో వాడుతూ వచ్చాయి. కాని వాటి పుట్టుక వేరు, అవి వేలు చూపే మనిషి వేరు.

'బలాత్' అంటే బలవంతంగా. బలాత్కారం బలవంతంగా చేసిన పని. అతి, ఆచారం కలిస్తే అత్యాచారం, అంటే నడవడికున్న హద్దు దాటడం. హిందీలో ఈ మాటకు ఇప్పటికీ పీడన, దౌర్జన్యం అనే అర్థం. తెలుగులోనూ ఆ అర్థం పూర్తిగా పోలేదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు, స్త్రీలను చెరిచారు. అలాంటి ఘోరాల తర్వాత 1989లో పార్లమెంటు చేసిన చట్టాన్ని మనవాళ్లు అత్యాచారాల నిరోధక చట్టమనే అంటారు. దాని ప్రకారం దళితుల భూమిని ఆక్రమించడం, వారి తాగునీటిని పాడుచేయడం కూడా అత్యాచారమే. ఈ రెండు మాటలూ చేసినవాడినే చూపిస్తాయి.

మానభంగం అలా కాదు. మానం అంటే గౌరవం, ఆత్మాభిమానం. దుర్యోధనుణ్ణి అభిమానధనుడని మెచ్చుకుంటాం. అదే మానం స్త్రీ దగ్గరకు వచ్చేసరికి శరీరానికి అంటుకుంది. మగవాడి మానం తాను మాట తప్పితే పోతుంది, ఆడదాని మానం ఇంకొకడు తప్పు చేస్తే పోతుంది! ఇదెక్కడి న్యాయం? కౌరవసభలో ద్రౌపది తన మానం పోయిందని తలదించుకోలేదు. ధర్మరాజు ముందు ఓడింది తననా, నన్నా అని నిలదీసింది. జవాబు చెప్పలేక తలదించుకున్నది భీష్ముడితో సహా ఆ సభ.

అచ్చతెలుగు మాట మేలనుకుందామా? చెరచడమంటే చెడగొట్టడం. అక్కడా చెడింది ఆమే. ఇంగ్లీషు 'రేప్' మూలమైన లాటిన్ మాటకు లాక్కుపోవడమని అర్థం. స్త్రీని ఒకరి సొత్తుగా చూసిన కాలం నాటిది కనుక మనం గొప్పగా అరువు తెచ్చుకోవలసిందేమీ లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో స్త్రీపై చేయి చేసుకునే నేరానికి వాడిన 'మాడెస్టీ' అనే మాట, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అలాగే ఉంది.

మాట మారితే నేరాలు ఆగుతాయని నేననను. కాని ఊళ్లో పోలీసు స్టేషను గడప తొక్కడానికి జంకే ఆడపిల్లకు, నీ మానం పోయిందని ముందే చెప్పేది ఈ మాటే. ఇక్కడ పెరిగే మన పిల్లలు తెలుగు పత్రికలో దీన్ని చూసి అర్థమడిగితే, గౌరవం పోవడమని చెబుతాం. ఎవరి గౌరవమని వాళ్లు తప్పకుండా అడుగుతారు.