మచ్చకు మందు వేయించుకోవడం దేహాభిమానమా?

దేహం మట్టిలో కలిసేదేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగే సమాజం మనది. చెవి కుట్టించిన చోట గోలీకాయంత కండ పెరిగిన అమ్మాయో, గుండె ఆపరేషన్ కోత మీద మచ్చ గట్టులా లేచిన నడివయసు మనిషో డాక్టరు దగ్గరికి వెళ్తానంటే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. మచ్చే కదా, ప్రాణం మీదికేం రాలేదుగా అన్నది మొదటిది. రాసిపెట్టి ఉన్నదాన్ని భరించాలి గానీ ఈ ఒంటి మీద అంత మమకారం దేనికన్నది రెండోది. మొదటి మాటకు వైద్యశాస్త్రమే జవాబు చెబుతుంది. రెండోది మాత్రం గట్టి ప్రశ్న, తేలిగ్గా తీసిపారేయకూడదు. దేహమే నేను కాదని నమ్మేవాడు దేహం మీది మచ్చకు చికిత్స చేయించుకుంటే ఆ నమ్మకాన్ని వదులుకున్నట్టా? కాదని నా వాదన.

ముందు ఆ మచ్చ ఏమిటో సరిగ్గా చూడాలి. గాయం మానేటప్పుడు శరీరం కొల్లాజెన్ అనే పీచు పదార్థంతో తెగిన చోటును పూడుస్తుంది. మామూలుగా కొన్ని నెలల్లో ఆ పీచు సర్దుకుని, చదునైన మచ్చ మిగులుతుంది. కొందరిలో ఆ పని ఆగాల్సిన వేళకు ఆగదు. గాయం హద్దుల్లోనే ఉబ్బి నిలిచేదాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. అది కాలక్రమంలో తనంతట తానే కొంత అణగవచ్చు. కెలాయిడ్ తీరు వేరు. అది గాయం అంచులు దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకుతుంది, ఏళ్ల తరబడి పెరుగుతుంది, దురద పెడుతుంది, నొప్పి పుట్టిస్తుంది. రొమ్ము నడుమ, భుజాల మీద, చెవి తమ్మెల మీద, దవడ అంచున ఎక్కువగా వస్తుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఎక్కువ, కొన్ని కుటుంబాల్లో తరతరాలకూ కనిపిస్తుంది. ఒక మొటిమో, ఒక టీకా సూదో చాలు, అది మొదలవడానికి. మచ్చ అంటే జరిగిపోయినదానికి గుర్తు అనుకుంటాం, అందుకే సరిపెట్టుకొమ్మని సలహా ఇస్తాం. కెలాయిడ్ జరిగిపోయినది కాదు, ఇప్పుడూ జరుగుతున్నది. గతాన్ని ఒప్పుకోవాలన్న బోధ ఎంత గొప్పదైనా, ఇంకా నడుస్తున్న వ్యాధికి దాన్ని అంటగట్టడం పొరపాటు.

మరి కర్మ మాట? కర్మను నమ్మినవాళ్లే ఈ విషయంలో మనకంటే స్పష్టంగా ఆలోచించారు. సుశ్రుత సంహిత వ్రణ చికిత్సను ఏడు ప్రధాన ఉపక్రమాలుగా చెప్పి, చివరిదిగా వైకృతాపహాన్ని, అంటే గాయం మానాక మిగిలిన వికారాన్ని పోగొట్టడాన్ని చేర్చింది. చికిత్సాస్థానంలో వాటిని 60కి విస్తరించినప్పుడు పైకి లేచిన కండను అణచడం, తెల్లబడిన మచ్చను నలుపు చేయడం, నల్లబడినదాన్ని చర్మపు రంగుకు తేవడం, ఆ చోట వెంట్రుకలు మొలిపించడం కూడా అందులో ఉన్నాయి. ప్రాణం నిలిచింది కదా అని ఆ వైద్యుడు చేతులు కడుక్కోలేదు. చరక సంహిత ఆయుర్దాయం గురించి చెబుతూ దైవంతో పాటు పురుషకారాన్నీ లెక్కలోకి తీసుకుంది, బలహీనమైన దైవాన్ని బలమైన ప్రయత్నం దాటగలదని ఒప్పుకుంది. మచ్చ కర్మఫలమైతే, దానికి మందు దొరకడం మాత్రం కర్మకు బయట ఎందుకు ఉంటుంది?

వైరాగ్యం వైపు నుంచి వచ్చే ఆక్షేపణ ఇంకా బలమైనది. మిలింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో మిలిందుడనే గ్రీకు రాజు ఇదే అడుగుతాడు: శరీరం మీకు ప్రియం కాకపోతే దాన్ని ఎందుకు సాకుతారు? యుద్ధంలో తగిలిన బాణపు గాయానికి లేపనం పూసి కట్టు కట్టేది ఆ గాయం మీద ప్రేమతోనా అని నాగసేన భిక్షువు ఎదురడుగుతాడు. సంరక్షణ వేరు, మమకారం వేరు అన్నది ఆయన చెప్పిన తేడా. అరుణాచలంలో రమణ మహర్షి ఎడమ చేతి మీద లేచిన కణితికి 1949లో నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. దేహం తాను కాదని జీవితమంతా చెప్పిన మనిషి వైద్యులను చికిత్స చేయనిచ్చాడు. చెయ్యి తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. సరేనన్నదీ వద్దన్నదీ ఆయనే. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు కీలకం ఇక్కడే ఉంది. వైరాగ్యం ఎవరికి వారు పట్టే వ్రతం. ఎదుటివారి దురదకు, నొప్పికి, తలవంచుకుని నడిచే సిగ్గుకు దాన్ని మందుగా రాసివ్వడం వైరాగ్యం కాదు, నిర్దయ. యాసిడ్ దాడి బాధితురాలి ముందు నిలబడి అందం అశాశ్వతం అనగలమా? మన చట్టం అలా అనలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ బాధితులను వైకల్యం ఉన్నవారి జాబితాలో చేర్చింది.

గౌరవంగా మోసే మచ్చలు లేవా అంటే, ఉన్నాయి. శ్రీవైష్ణవులు సమాశ్రయణమనే దీక్షలో భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకుంటారు. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యుడు తోమాకు గాయపు గుర్తులనే చూపించాడని యోహాను సువార్త చెబుతుంది. తిరుమలలో అనంతాళ్వార్ అనే భక్తుడు విసిరిన గునపం తగిలిందని చెప్పే శ్రీవారి గడ్డానికి నేటికీ పచ్చకర్పూరం అద్దుతారు, ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర చూపిస్తారు. ఆ కర్పూరం గాయానికి ఉపశమనమూ అయింది, గుర్తూ అయింది. మచ్చను ఉంచుకోవడంలోనూ, దానికి మందు అద్దడంలోనూ భక్తి ఉండవచ్చునని మన ఆచారమే చూపిస్తోంది. ఏది కావాలో తేల్చుకోవాల్సింది మాత్రం ఆ మచ్చను మోసే మనిషి.

ఒక ఆక్షేపణకు మాత్రం నేను చాలావరకు తలవంచుతాను: ఈ కోరికకు అంతెక్కడ? నునుపైన చర్మం కోసం ఒక క్లినిక్ నుంచి ఇంకో క్లినిక్‌కు తిరిగేవాళ్లు ఉన్నారు. కానీ ఈ వైద్యం తన హద్దును తానే చెబుతుంది. కెలాయిడ్‌ను ఉత్తినే కోసి తీసేస్తే 45 నుంచి 100 శాతం కేసుల్లో తిరిగి వస్తుందని వైద్య గ్రంథాల లెక్క, ఒక్కోసారి ముందుకంటే పెద్దదిగా. అందుకే మచ్చలోకే ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇస్తారు. సూది నొప్పిగానే ఉంటుంది, చర్మం పలచబడవచ్చు, రంగు తగ్గవచ్చు. కొందరికి 5-ఫ్లోరోయురాసిల్ కలుపుతారు, కొందరికి ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. సిలికాన్ షీటును రోజుకు 12 గంటలకు పైగా, నెలల తరబడి అంటించి ఉంచాలి. చెవి తమ్మె మీది కెలాయిడ్‌ను తీశాక నొక్కిపట్టే క్లిప్పు పెడతారు, మొండివాటికి కోత వెంటనే రేడియేషన్ ఇస్తారు. ఇంత చేసినా దొరికేది మచ్చ అణగడం, దురద తగ్గడం. మచ్చ లేని చర్మం దొరకదు. ఆ మిగిలినదాన్ని ఒప్పుకోవడానికి వైరాగ్యం నిజంగా పనికొస్తుంది, చికిత్స తర్వాత.

కాబట్టి పెద్దలకు నా విన్నపం ఇది. ఇంట్లో ఎవరికైనా కెలాయిడ్ ఉంటే, ఆచారానికి కుట్టించే చెవుల సంగతి ముందుగా డాక్టరుతో మాట్లాడండి, సోకు కోసం మరో రెండు చోట్ల కుట్టించకండి. పిల్లలు మచ్చ దురద పెడుతోందని చెబితే వేదాంతం చెప్పకుండా చర్మవ్యాధుల నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లండి. కెలాయిడ్‌లా కనిపించేవన్నీ కెలాయిడ్లు కావు, ఆ సంగతి చూసి తేల్చాల్సింది డాక్టరే.