పంట పోయిన ఏడాది కౌలు అడగవచ్చా?

మీరు పొలంలో వేసే విత్తనాన్ని మొలకెత్తించి పెంచేది మీరా, లేక మేమా అని దివ్యఖుర్ఆన్ మనిషిని ప్రశ్నిస్తోంది (వాఖిఆ: 63, 64). ఈ ప్రశ్నకు మనలో ప్రతి ఒక్కరూ తడుముకోకుండా జవాబు చెబుతారు. మొలకెత్తించేవాడు అల్లాహ్‌యే. దున్నడం, విత్తడం, నీరు కట్టడం వరకే మన పని. అయితే కౌలు కాగితం రాసుకునేటప్పుడు ఈ జవాబు మనకు గుర్తుంటోందా? పండినా పండకపోయినా ఎకరానికి ఇంత అని రాసుకుంటున్నాం. పండించేది మన చేతిలో లేదని ఒప్పుకుంటూనే, పండకపోతే వచ్చే నష్టాన్ని మాత్రం మొత్తంగా ఒక్కరి నెత్తిన పెడుతున్నాం. ఇది ఎంతవరకు న్యాయం? ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం ఇదే.

జుమా తర్వాత వచ్చిన మస్‌అలా

2022 వేసవిలో నడికుడిలో జుమా నమాజు ముగిశాక ఇద్దరు మనుషులు కలిసి నా దగ్గరకు వచ్చారు. ఒకరు రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయనకు రెండెకరాల నల్లరేగడి ఉంది. రెండో అతను ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న రైతు. సగం కౌలు ముందే కట్టాడు. మిగతా సగం మిరప కోతలయ్యాక ఇవ్వాలని ఒప్పందం. 2021-22లో గుంటూరు, పల్నాడు మిరప తోటలను నల్ల తామర పురుగు ఏం చేసిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పూతలో చేరి పూతనే రాల్చేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. ఎందరో రైతులు పచ్చని తోటలను తమ చేతులతోనే దున్నేశారు. ఈ రైతు పొలం కూడా అందులో ఒకటి.

"మౌలానా సాబ్, కాగితం మీద సంతకం నాదే. ఇవ్వనని అనడం లేదు. ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలో మీరే చెప్పండి" అన్నాడు కౌలుదారు.

"నాకొచ్చే పింఛను మందులకే సరిపోతోంది బేటా. ఈ కౌలుతోనే మా ఇల్లు గడిచేది. ఒప్పుకున్న డబ్బు అడగడం జుల్మ్ అవుతుందా?" అన్నారు పెద్దాయన.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరూ దుర్మార్గులు కారు. అందుకే ఈ మస్‌అలా కష్టమైనది.

ఎవరి భుజాల మీద మన అన్నం?

ఈ తగవు ఆ ఇద్దరిది మాత్రమే కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలోని కమతాల్లో నూటికి 86 రెండు హెక్టార్లకు, అంటే అయిదెకరాలకు లోపువే. ప్రపంచమంతటా చూసినా నూటికి 80కి పైగా పొలాలు రెండు హెక్టార్లు దాటనివే. సాగు భూమిలో ఎనిమిదో వంతు కూడా వాటి కింద లేదు. కాని ప్రపంచం తినే ఆహారంలో దాదాపు మూడో వంతు వాటి నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో తెలిపింది. అయినా 2024లో దాదాపు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఆ సంస్థ లెక్కే చెబుతోంది. విచారకరమైన విషయం ఏమిటంటే, ఆ ఆకలిగొన్న వారిలో చాలామంది స్వయంగా సేద్యం చేసే పల్లె జనమే.

మన పల్నాడునే చూడండి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ నీరు చేరిన చోట వరి వచ్చింది. చేరని మెట్టలో పత్తి, మిరప నిలిచాయి. మిరప వేసిన రైతు బియ్యం కొనుక్కోవాలి. కారం కడుపు నింపదు కదా! 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం, 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం ఇలాంటి ఇళ్లలో పొయ్యి ఆరిపోకుండా కాపాడాయి. కాని రేషన్ బియ్యం అన్నం పెడుతుందే గాని, కౌలు అప్పును తీర్చదు. మిరపకు ఎకరానికి లక్ష రూపాయలకు పైగా పెట్టుబడి. ఆ అప్పు తీర్చడానికి రైతు ముందుగా గేదెను అమ్ముతాడు, తర్వాత పిల్లల చదువు మానిపిస్తాడు, చివరికి పలుపు వదిలి కూలికి పోతాడు. పండించేవాడే పొలం వదిలిపోతే ఎన్ని గోదాములు కట్టినా ఏం లాభం? ఆహార భద్రత గోదాములో ఎంత ఉందో, కౌలు కాగితంలోనూ అంత ఉంది.

కౌలుకివ్వడం ధర్మసమ్మతమే

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. భూమిని కౌలుకివ్వడం నిషిద్ధం కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖైబర్ భూములను, పండే పంటలో సగం ఇచ్చే షరతు మీద అక్కడి వారికి సాగుకిచ్చారని హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) తెలిపారు (బుఖారీ, ముస్లిం). దీన్నే ముజారఅత్ అంటారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీన్ని అనుమతించకపోయినా, ఆయన ఇద్దరు శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అనుమతించారు. హనఫీలలో ఫత్వా వారి మాట మీదే ఉంది.

మదీనాలో కొందరు యజమానులు నీటి కాలువల వెంబడి పండేది తమకని, మిగతాది సాగు చేసేవాడికని షరతు పెట్టేవారు. ఒక్కోసారి ఇది దక్కి అది పోయేది, ఒక్కోసారి అది దక్కి ఇది పోయేది. దైవప్రవక్త (స) దీన్ని వారించారు. తెలిసిన, హామీ ఉన్న సొమ్ముకు ఇస్తే అభ్యంతరం లేదని హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి) వివరించారు (ముస్లిం). అంటే డబ్బు కౌలు చెల్లుతుంది. కాని వారించడానికి ఉన్న కారణాన్ని గమనించండి. ఒకరికి నీటి పక్కన భద్రమైన భాగం, మరొకరికి ప్రమాదం మొత్తం. షరీఅత్‌కు అభ్యంతరం అక్కడే. నేడు మనం నీటి గట్టును పంచుకోవడం లేదు. కాని పండకపోయినా మొత్తం కౌలు ఇవ్వాల్సిందేనని బీద కౌలుదారు మెడ మీద కూర్చుంటే, ఆ పాత గట్టు మళ్లీ లేచినట్టే కదా?

విపత్తు వేరు, ధర పడిపోవడం వేరు

పండ్లు అమ్మిన తర్వాత వాటికి విపత్తు వస్తే, కొన్న సోదరుని నుంచి ఏమీ తీసుకోవడం తగదని, ఏ హక్కుతో అతని సొమ్ము తీసుకుంటారని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు (ముస్లిం). ఇది తోట మీది పండ్ల అమ్మకం గురించి వచ్చిన హదీసు. దీన్ని భూమి కౌలుకు వర్తింపజేయవచ్చా అనే విషయంలో ఫఖీహుల మధ్య భేదాభిప్రాయం ఉంది. యజమాని భూమిని అప్పగించాడు, పోయింది కౌలుదారు పంట, కాబట్టి కౌలు చెల్లించాలి అన్నది అధిక సంఖ్యాకుల మాట. ఇమామ్ ఇబ్ను తైమియా (రహ్మ) మాత్రం కౌలు భూమికీ ఈ హదీసు స్ఫూర్తి వర్తిస్తుందని, నష్టాన్ని బట్టి కౌలు తగ్గించాలని వాదించారు. నీరు ఆగిపోయి భూమి సాగుకే పనికిరాకుండా పోతే ఒప్పందం రద్దవుతుందని హనఫీ గ్రంథాల్లోనూ ఉంది.

ఇక ధర పడిపోవడం విపత్తు కింద రాదు. 2025 ఆరంభంలో మిర్చి ధర ఎలా కుప్పకూలిందో చూశాం. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. పంట ఇంటికి వచ్చింది, పెట్టుబడి రాలేదు. ఇలాంటప్పుడు కౌలు తగ్గించడం యజమానికి విధి అని చెప్పలేం. అయితే ఫిఖ్ మాట అయిపోయిన చోట ఖుర్ఆన్ మాట అయిపోదు.

అసలు జవాబు

బాకీపడినవాడు ఇబ్బందుల్లో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే అది మీకే మరింత మేలని అల్లాహ్ ఆదేశించాడు (బఖరా: 280). ఇక్కడ బాకీ ఎలా వచ్చిందన్న ప్రశ్నే లేదు. పురుగు వల్ల వచ్చినా, ధర వల్ల వచ్చినా, లేనివాడు లేనివాడే. గడువివ్వడం ఆజ్ఞ. మాఫీ చేయడం ఉత్తమం. లేనివానికి గడువిచ్చినవానికి, మాఫీ చేసినవానికి ప్రళయదినాన అల్లాహ్ తన నీడనిస్తాడని హజ్రత్ అబుల్ యసర్ (రజి) ఉల్లేఖించిన హదీసు శుభవార్తనిస్తోంది (ముస్లిం).

ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. కౌలు ఇవ్వలేకపోయిన రైతు చేత నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో ప్రోనోటు రాయించుకోవడం మన ప్రాంతంలో మామూలైపోయింది. ఆ క్షణం వరకు అది హలాల్ కౌలు. ఆ కాగితం మీద వడ్డీ అంకె పడిన క్షణం నుంచి ఆ అదనం రిబా. ఐదు పూటలా నమాజు చదివే ఇళ్లలో కూడా ఇలాంటి ప్రోనోట్లు బీరువాల్లో ఉన్నాయంటే మనం భయపడాలి.

మరి యజమాని కూడా బీదవాడైతే? భర్త పోయిన స్త్రీ ఎకరం కౌలుతో పిల్లల్ని సాకుతుంటే? ఆమెను మాఫీ చేయమనడం ఒక లేనివారి భారాన్ని మరొక లేనివారి మీద వేయడమే. అలాంటి చోట బాధ్యత జమాఅత్‌ది. జకాత్ తీసుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల పాలైనవారూ ఉన్నారు (తౌబా: 60). పంట పోయి కౌలు బాకీపడిన రైతు ఆ వర్గంలోకి రాడా? వాన నీటితో పండితే పదో వంతు, శ్రమపడి తోడిన నీటితో పండితే ఇరవయ్యో వంతు ఉష్ర్ ఇవ్వాలన్న ఆదేశం మనకు తెలుసు (బుఖారీ). మన దేశ భూముల విషయంలో ఉలమాల మధ్య చర్చ ఉన్నా, పంటలో అల్లాహ్ హక్కును కోత రోజునే ఇవ్వమన్న ఆయత్ (అన్ఆమ్: 141) మన కళ్లాల్లో ఎందరికి గుర్తుంటోంది? బాగా పండిన సంవత్సరాల్లో ఊరి మస్జిద్‌లో ఆ సొమ్ము జమ అయితే, పోయిన సంవత్సరంలో ఎవరూ ఎవరి కాళ్లా పట్టుకోనక్కరలేదు.

కౌలుదారుకూ బాధ్యతలున్నాయి. పంట వచ్చినా రాలేదనడం, చేతిలో సొమ్ము పెట్టుకుని వాయిదా వేయడం జుల్మ్. ఉన్నవాడు బాకీని వాయిదా వేయడం అన్యాయమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (బుఖారీ, ముస్లిం).

విత్తకముందే మాట్లాడుకోండి

సోదరులారా! పంట పోయాక ధర్మం గుర్తుచేసుకోవడం కంటే, విత్తకముందే గుర్తుచేసుకోవడం సులువు. వీలైతే పాలుకివ్వండి. లాభమైనా నష్టమైనా ఇద్దరూ పంచుకుంటారు. డబ్బు కౌలే కావాలంటే, విపత్తు వస్తే ఎంత తగ్గించాలో ముందే మాట్లాడుకుని సాక్షుల ముందు రాసుకోండి. మరో మాట. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. దానికి యజమాని సంతకం కావాలి. పొలం పోతుందేమోనన్న భయంతో చాలామంది సంతకం పెట్టలేదు. ఫలితంగా పంట నష్టపరిహారం, బ్యాంకు రుణం పాసుపుస్తకం ఉన్నవారికే చేరాయి. సాగు చేసినవానికి వచ్చిన పరిహారాన్ని యజమాని ఖాతాలో ఉంచుకుని, పైగా పూర్తి కౌలు కూడా వసూలు చేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

'కౌలు' అనే మాట అరబీ 'ఖౌల్' నుంచి వచ్చింది. అంటే మాట, వాగ్దానం. 'రైతు' అనే మాట 'రఇయ్యత్' నుంచి వచ్చింది. అంటే ఒకరి సంరక్షణలో ఉన్నవారు. మీలో ప్రతి ఒక్కరూ సంరక్షకులే, తమ రఇయ్యత్ గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందన్న హదీసు (బుఖారీ, ముస్లిం) వినని ముస్లిం ఉండడు. మనం రోజూ పలికే ఈ రెండు మాటల్లోనే మన బాధ్యత దాగి ఉంది.

ఆ రోజు ఆ ఇద్దరికీ నేను తీర్పు చెప్పలేదు. చాచా, అడగడం జుల్మ్ కాదు, గడువివ్వకపోవడం మాత్రం అల్లాహ్ ఆజ్ఞను కాదనడమే అని చెప్పి బఖరా సూరాలోని ఆ ఆయత్ చదివి, అర్థం వివరించాను. పెద్దాయన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. చివరికి మిగిలిన దాంట్లో సగం వదిలేసి, మిగతాది రెండు పంటల్లో ఇమ్మన్నారు. మరుసటి ఏడాది నుంచి పొలాన్ని పాలుకిచ్చారు. 2025లో ధర పడిపోయినప్పుడు ఆయన వాటా కూడా తగ్గింది. మస్జిద్ దగ్గర కలిసినప్పుడు, "బేటా, కౌలు తీసుకున్నన్నాళ్లూ ధర ఎంతో నేను ఏనాడూ అడగలేదు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాను" అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు.

మన సంపాదనలో ఇతరుల కన్నీటి చుక్క కలవకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! పండించే చేతులకు బర్కత్‌ను, భూమి ఉన్నవారికి దయగల హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.