నాగులేటి నీళ్లు, వీరుల కొణతాలు

దాచేపల్లిని ఒరుసుకుని పారే నాగులేరు కారంపూడి మీదుగా వస్తుంది. వీరుల కొణతాలకు, అంటే వారి ఆయుధాలకు, స్నానం చేయించిన నీరది. నల్లరేగడిని తడిపి, పత్తికి తెల్లదనాన్ని, మిరపకు ఎర్రదనాన్ని ఇచ్చి, కృష్ణమ్మలో కలిసే నీరు. మాచర్ల చెన్నకేశవా, నెత్తురు తాగిన నేల చేత ఇంత పంట పండించే నీ దయకు కొలత ఎక్కడిది!

పన్నెండో శతాబ్దం. ఒక్క తండ్రి బిడ్డలే గురజాలలో నలగామరాజై, మాచర్లలో మలిదేవరాజై ఎదురెదురు నిలిచారు. కారంపూడి కదనభూమిలో గుర్రపు డెక్కల ధూళి మింటినంటింది. ఆ ధూళిలో మెరుపై మెరిశాడు బాలచంద్రుడు, మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు, మాంచాల మగడు, మీసకట్టు ముదరని వీరుడు. మాంచాలే చేతికి కత్తినిచ్చి పంపిందని మా పల్నాడు పాడుకుంటుంది. మళ్లీ రాడని తెలిసీ కత్తినిచ్చిన ఆ చేతిలో, తండ్రీ, నీ చేయి లేదంటే నేను నమ్మను.

కన్నమదాసో? లోకం అంటరానివాడన్న ఆ మహావీరుణ్ణి బ్రహ్మనాయుడు కొడుకుగా పిలిచి, సేనలకు నాయకుణ్ణి చేశాడు. అన్ని కులాల వీరులూ ఒకే చాప మీద కూర్చుని కుడిచారు. ఆ చాపకూటి మెతుకులో నీ వైకుంఠమంతా ఇమిడిందేమో, కేశవా!

పోరు ముగిసింది. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి నడిచాడు. కూలిన రౌతులకు పతకం తొడిగే రాజసభ లేదు. ఆ పని పల్లెలే తలకెత్తుకున్నాయి. ఏటా కార్తీక అమావాస్యకు కొణతాలు పసుపు, కుంకుమ, పూలతో ముస్తాబై కారంపూడి వీధుల్లోకి వస్తాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: ఐదు రోజులు యుద్ధం మళ్లీ కళ్ల ముందు కదులుతుంది. వీరగాథలు పాడే వీరవిద్యావంతులు గొంతెత్తితే ముసలి కళ్లు తడుస్తాయి, పసివాడి పిడికిలి బిగుస్తుంది. అప్పటికి చేలల్లో పత్తి విచ్చి ఉంటుంది. ఆ తెల్లదనం మధ్య నుంచి జనం నడిచొస్తుంటే, ఇంతకు మించిన బిరుదు ఏ సార్వభౌముడు ఇవ్వగలడు ప్రభూ!

ఈ కార్తీక అమావాస్యకు మీరూ రండి. మందపోరు నాడు చాపకూటి పంక్తిలో అందరితో కలిసి కూర్చోండి.